మహమ్మారి రోజుల మార్పులను పసిపిల్లలకు చెప్పడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

శార్వరి నామ సంవత్సర ఉగాది 2020 మార్చి 25న వచ్చింది. కరోనా వల్ల దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలు గుడికి ఎందుకు వెళ్లడం లేదని అడిగిన ఆ ఉదయం నుంచి, బడులు తెరిచి చాలా కాలమైన తరువాత కూడా, తల్లిదండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు, అంగన్‌వాడీ టీచర్లు దాదాపు ఇవే సందేహాలు అడుగుతూ వచ్చారు. కొత్త అంటువ్యాధి వార్త ఎక్కడ వినిపించినా ఇవే మళ్లీ వస్తున్నాయి కనుక ఒకచోట చేర్చాను. ముఖ్యంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లవచ్చు.

## వార్త ఇంట్లోకి వచ్చినప్పుడు

మా పాపకు నాలుగేళ్లే. ఈ వయసులో ఇవన్నీ చెప్పడం అవసరమా?

అవసరమే. మనం చెప్పకపోతే పాపకు తెలియదనుకోవడం సరికాదు. పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, నాన్న పగలంతా ఇంట్లోనే ఉండడం, పాలు తెచ్చే మనిషి గేటు బయటి నుంచే వెళ్లిపోవడం ఆమె గమనిస్తూనే ఉంటుంది. కారణం తెలియని మార్పుకు పిల్లలు తమకు తోచిన కారణం అల్లుకుంటారు. అది చాలాసార్లు అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. నాలుగేళ్ల పాపకు రెండు మూడు వాక్యాలు చాలు: "కొత్త జబ్బు ఒకటి వచ్చింది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. అంటుకోకుండా మనం కొన్నాళ్లు ఇంట్లో ఉంటాం, నేను నీతోనే ఉంటాను." అంతటితో ఆగి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి. విన్న వెంటనే లేచి బొమ్మల దగ్గరికి వెళ్లిపోతే ఆ పూటకు అది చాలినట్టే. రేపు మళ్లీ అదే అడుగుతుంది. విసుక్కోకుండా అవే మాటల్లో చెప్పండి. ఆమెకు కావలసింది కొత్త సమాచారం కాదు, నిన్నటి మాట ఇవాళా నిలబడి ఉందన్న భరోసా.

వైరస్ అంటే ఏమిటని అడుగుతున్నాడు. రాక్షసుడని చెప్పవచ్చా?

చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రాక్షసుడికి కళ్లు, కోరలు, కోపం ఉంటాయి; రాత్రి మంచం కింద దాక్కునేది కూడా వాడే. వైరస్‌కు మన మీద కోపం లేదు, అది ఎవరినీ వెతుక్కుంటూ రాదు. "కంటికి కనిపించనంత చిన్నది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు నోటి తుంపరలతో బయటికి వస్తుంది. వేరొకరి ముక్కులోకో నోట్లోకో వెళితే వాళ్లకు జ్వరం, దగ్గు రావచ్చు. ఎక్కువమందికి తగ్గిపోతుంది" అని చెబితే ఐదేళ్ల పిల్లవాడికి సరిపోతుంది. చైనా వాళ్లు తెచ్చారనో, ఫలానా మతం వాళ్లు తెచ్చారనో పెద్దలు అనుకునే మాటలు వాడి చెవిన పడి ఉంటే, జబ్బు మనుషులందరికీ ఒకేలా అంటుకుంటుందని అప్పుడే స్పష్టంగా చెప్పండి. ఆ వయసులో నాటుకున్న మాట తరువాత తీయడం కష్టం.

చేతులు కడుక్కోమంటే వినడు. "కడుక్కోకపోతే ఆసుపత్రిలో పెడతారు" అని భయపెట్టవచ్చా?

వద్దు. రేపు నిజంగానే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అది శిక్ష అనుకుంటాడు, ఒంట్లో బాగాలేకపోయినా దాచిపెడతాడు. భయం కంటే చూపించడం బాగా పనిచేస్తుంది. పిల్లవాడి అరచేతుల్లో రెండు చుక్కల కొబ్బరినూనె, చిటికెడు పసుపు వేసి రుద్దించండి. ఆ చేతులతో గ్లాసు, తలుపు గొళ్లెం, పాత గుడ్డ ముట్టుకోమనండి. పచ్చటి వేలిముద్రలు ఎక్కడెక్కడ పడ్డాయో వాడే వెతికి చూపిస్తాడు. తరువాత సబ్బు బిళ్లతో కడిగించండి. సబ్బులోని క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. సున్నం కలిసి పారాణి ఎర్రబడేది కూడా ఇందువల్లనే. గోళ్ల అంచుల్లో, వేళ్ల సందుల్లో, బొటనవేలి వెనుక ఎంత మిగిలిపోయిందో చూశాక, 20 లెక్కపెట్టేదాకా ఎందుకు రుద్దుకోవాలో వేరే చెప్పనక్కరలేదు. కాస్త పెద్ద పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పవచ్చు: కరోనా వైరస్ చుట్టూ పలుచటి కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరను విడగొట్టేస్తుంది, దానితో వైరస్ ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

టీవీ వార్తలు విని రాత్రి ఉలిక్కిపడి లేస్తోంది. టీవీ పూర్తిగా ఆపేయాలా?

పిల్లలు మెలకువగా ఉన్నంతసేపు వార్తల ఛానెల్ ఆపేయడమే మేలు. చితి మంటల దృశ్యం ఒకటే పదిసార్లు చూపిస్తే ఐదేళ్ల పాపకు అది పదిచోట్ల జరిగినట్టే. శబ్దాల సంగతి కూడా గమనించండి. 2020 మార్చి నుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించి, ఆ తరువాత జాగ్రత్తల ప్రకటన వచ్చేది. ఫోన్‌లో ఉన్న పెద్దనాన్నకే జబ్బు చేసిందని ఏడ్చిన పిల్లలు ఉన్నారు. అలాంటిదేదైనా వినిపిస్తే "అది ముందే రికార్డు చేసిన గొంతు, పెద్దనాన్న బాగానే ఉన్నాడు" అని చెప్పి, ఆయనతో ఒక మాట మాట్లాడించండి. వార్తలు మీకు అవసరమే, పిల్లలు నిద్రపోయాక చూసుకోండి.

"ఇది ఎప్పుడు అయిపోతుంది?" అని రోజూ అడుగుతున్నాడు. వచ్చే వారం అని చెబితే తప్పా?

తప్పే, ఎందుకంటే వచ్చే వారం వస్తుంది. మొదట ప్రకటించిన లాక్‌డౌన్ 21 రోజులు. తరువాత అది మళ్లీ మళ్లీ పొడిగిస్తూ పోయారు. గోడమీద కేలండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ వచ్చిన పిల్లలకు ఆ పొడిగింపు పెద్దలు మాట తప్పినట్టు కనిపించింది. "ఎప్పుడో ఎవరికీ ఇంకా తెలియదు. తెలిసిన రోజున నీకు చెబుతాను" అనడం మేలు. ఐదేళ్ల లోపు పిల్లలకు నెల అన్న లెక్క అందదు కాబట్టి, తెలిసిన సంగతిని చిన్న కొలతల్లో చెప్పండి: ఈ సాయంత్రం డాబా మీదికి వెళతాం, రేపు పొద్దున దోసెలు, ఆదివారం బాబాయికి ఫోన్.

## ఇల్లు కదలని రోజుల్లో

తను అల్లరి చేసినందుకే బడి మూసేశారని అనుకుంటోంది. ఎందుకలా?

ఆరేడేళ్ల లోపు పిల్లలు లోకంలో జరిగేదంతా తమ చుట్టూ, తమ వల్ల జరుగుతోందని అనుకోవడం ఆ వయసు లక్షణం. కిందటి రోజు టీచరు కోప్పడి ఉంటే, మరునాడు బడికి తాళం పడితే, ఆ రెండూ కలిపేసుకుంటారు. "అల్లరి చేస్తే బడులు మూయరు. పిల్లలంతా దగ్గరదగ్గరగా కూర్చుంటారు కదా, ఒకరికి ఉన్న జబ్బు అందరికీ అంటుకోకూడదని ఊళ్లో ఉన్న బడులన్నీ మూశారు. ఇందులో నీ తప్పు లేదు" అని చెప్పండి. చివరి వాక్యం అడగకపోయినా చెప్పవలసిందే, ఎందుకంటే ఈ అనుమానాన్ని పైకి చెప్పే పిల్లలు కొద్దిమందే. వీలైతే బడి గేటు దాకా నడిపించి తాళం చూపించండి, టీచరుతో ఫోన్‌లో మాట్లాడించండి. బడి ఎక్కడికీ పోలేదని కళ్లతో చూడడం వేరు.

ఐదేళ్లొచ్చాక మళ్లీ పక్క తడుపుతున్నాడు, చంక దిగడం లేదు. కోప్పడితే మానేస్తాడా?

కోప్పడితే ఎక్కువవుతుంది. వేలు చీకడం, పక్క తడపడం, అన్నం తినిపించమనడం, ముద్దుముద్దుగా మాట్లాడడం — దాటి వచ్చిన అలవాట్లకు మళ్లీ వెళ్లిపోవడం ఒత్తిడిలో ఉన్న పసిపిల్లల్లో మామూలే. గారాబం చేస్తే పాడైపోతాడన్న భయం పెట్టుకోకండి. కొన్ని వారాలు ఎక్కువ ఎత్తుకున్నంత మాత్రాన ఏ బిడ్డా చెడిపోడు. దుప్పటి మౌనంగా మార్చండి, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకండి. వేళకు అన్నం, స్నానం, కథ, నిద్ర ఒకే వరుసలో జరిగేలా చూడండి. రోజు పట్టాలెక్కితే చాలావరకు సర్దుకుంటుంది. మూత్రంలో మంట ఉన్నా, మాటిమాటికీ నీళ్లు అడుగుతున్నా అది భయం వల్లే అనుకోకుండా డాక్టరుకు చూపించండి.

పిల్లలంతా కలిసి "కరోనా ఆట" ఆడుతున్నారు. బొమ్మను చంపేస్తున్నారు కూడా. ఆపాలా?

ఆపకండి. బొమ్మకు మాస్కు కట్టడం, దిండు మీద పడుకోబెట్టి "ఆక్సిజన్" పెట్టడం, పోలీసు తాతయ్యను లాఠీతో ఇంటికి పంపేయడం, ఇవన్నీ చూసినదాన్ని పిల్లలు తమ చేతుల్లోకి తీసుకునే పద్ధతి. పెద్దలు మాటల్లో చేసే పని వాళ్లు ఆటలో చేస్తారు. కాసేపు పక్కన కూర్చుని చూస్తే, వాళ్లకు ఏమి తెలుసో, ఏది తప్పుగా తెలుసో మీకే అర్థమవుతుంది. ఆట రోజూ ఒకేచోట ఆగిపోయి, బొమ్మ రోజూ చనిపోతూ, పిల్లవాడు ఏడుపుతోనో బిగుసుకుపోయో లేస్తుంటే మాత్రం మీరు కూడా ఆటలోకి దిగి "ఇప్పుడు డాక్టరమ్మ వచ్చింది, ఏం చేద్దాం?" అని అడగండి.

మాస్కు ఏ వయసు నుంచి?

ఐదేళ్లు, ఆ లోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పాయి. 2021 జూన్‌లో మన కేంద్ర ఆరోగ్య సేవల విభాగం కూడా ఐదేళ్ల లోపు వారికి వద్దనే చెప్పింది. ఆరు నుంచి పదకొండేళ్ల వారు పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చు. పసివాళ్లకు అసలు ఇబ్బంది తమ మాస్కు కాదు, మన మాస్కు: సగం ముఖం కనిపించకపోతే మనం నవ్వుతున్నామో కోపంగా ఉన్నామో వాళ్లకు తెలియదు. ఇంట్లో అద్దం ముందు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూపించండి. బయట మాట్లాడేటప్పుడు "నవ్వుతున్నాను, కనిపించడం లేదు కదా" అని నోటితో చెప్పేయండి.

ఆన్‌లైన్ క్లాసు ముందు ఐదు నిమిషాలు కూడా కూర్చోదు. వెనకబడిపోతుందా?

యూకేజీ పిల్ల తెర ముందు ఐదు నిమిషాలు కూర్చుందంటే అదే ఎక్కువ. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలుపెట్టినప్పుడు కూడా మూడో తరగతి నుంచే పెట్టింది. రెండేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట దాటకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం సూచన. ఈ వయసు చదువు వంటింట్లో కూడా సాగుతుంది: కందిపప్పులో రాళ్లు ఏరడం, చెంచాలు లెక్కపెట్టి సర్దడం, ఉతికిన బట్టల్లో ఎవరివి వాళ్లవి వేరుచేయడం. ఫీజు కట్టాం కనుక కూర్చోవాలన్న ఒత్తిడి పిల్ల మీదికి రానీయకండి.

అమ్మమ్మతో వీడియో కాల్ అంటే పారిపోతున్నాడు. ఆవిడ బాధపడుతోంది.

మూడేళ్ల పిల్లవాడికి ముఖాముఖి కబుర్లు పట్టవు. ఎదురుగా ఉన్నా అమ్మమ్మతో వాడు కూర్చుని మాట్లాడలేదు, ఆవిడ చుట్టూ తిరిగాడు. ఫోన్‌ను గిన్నెకు ఆనించి, అటు ఆవిడ తన వంట తాను చేసుకుంటుండగా ఇటు వీడు ఆడుకుంటూ ఉండనివ్వండి. మధ్యమధ్య "ఏం చేస్తున్నావురా నాన్నా?" అంటే చాలు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవలతో ఇలా రోజూ కలిసి టిఫిన్ తిన్న అమ్మమ్మలు చాలామంది ఉన్నారు. ఎందుకు రావడం లేదని అడిగితే "నువ్వు వెళితే అమ్మమ్మకు జబ్బు చేస్తుంది" అనవద్దు. ఆ మాట బిడ్డ మనసులో నేరంగా మిగులుతుంది. "జబ్బు తగ్గాక అందరం కలుస్తాం" అనండి.

మూటలు మోసుకుంటూ రోడ్డు మీద నడిచిపోతున్నవాళ్లను చూసి, వాళ్లిల్లు ఎక్కడని అడిగింది. ఏం చెప్పాలి?

నిజమే చెప్పాలి. 2020 వేసవిలో హైదరాబాద్ నుంచి నాగ్‌పుర్ వైపు, విజయవాడ మీదుగా ఒడిశా వైపు జాతీయ రహదారుల వెంట కూలీలు పిల్లలతో సహా నడిచి వెళ్లారు. "పని ఆగిపోయింది, బస్సులు రైళ్లు లేవు, అందుకని వాళ్ల ఊరికి నడిచి వెళుతున్నారు" అనండి. ఆమె అక్కడితో ఆగదు, "మరి మనమేం చేద్దాం?" అంటుంది. మంచినీళ్ల సీసానో, పులిహోర పొట్లమో ఇచ్చే వీలుంటే ఆమె చేత కట్టించండి.

మా ఆయనకు ఉద్యోగం పోయింది. పిల్లలకు చెప్పాలా?

ఆరేళ్లు దాటినవారికి క్లుప్తంగా చెప్పండి: "నాన్న పనిచేసే చోటు మూసేశారు, కొత్త పని వెతుక్కుంటున్నారు. కొన్నాళ్లు బొమ్మలు కొనం, అన్నానికి లోటు లేదు." అప్పుల లెక్కలు, అత్తమామల మధ్య మాటలు వాళ్ల చెవిన పడనివ్వకండి.

## ఇంట్లో జబ్బు చేసినప్పుడు

నాకు పాజిటివ్ వచ్చి గదిలో ఉన్నాను. పాప తలుపు దగ్గరే కూర్చుని ఏడుస్తోంది.

మహమ్మారి రోజుల్లో పసిపిల్లలకు అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఇదే. అమ్మ గొంతు వినిపిస్తోంది, అమ్మ ఎత్తుకోవడం లేదు. మీరు గదిలోకి వెళ్లే ముందే చెప్పగలిగితే మంచిది. ఒక్కసారిగా తలుపు మూసుకోవడం కంటే "నాకు జ్వరం, నీకు అంటకూడదని ఈ గదిలో పడుకుంటాను, అన్నం నానమ్మ పెడుతుంది, రాత్రి నాన్న పక్కన పడుకుంటావు" అని చెప్పి వెళ్లడం వేరు. ఎవరు తినిపిస్తారు, ఎవరు స్నానం చేయిస్తారు, ఎవరు పడుకోబెడతారు అన్న మూడూ స్పష్టంగా ఉండాలి. పిల్లల మనసులో నిజానికి ఉండే ప్రశ్న అదే.

తలుపుకు ఇవతల కూర్చోనివ్వండి, తరిమేయకండి. కిటికీ ఉంటే దూరం నుంచి కనిపించండి. మీరు వాడని, ఉతికిన చీర ఒకటి ఆమెకు కప్పుకోవడానికి ఇవ్వండి. డాక్టరు చెప్పిన రోజులెన్నో అన్ని కాగితపు ముక్కలు దండగా గుచ్చి తలుపుకు కట్టి, రోజుకొకటి తెంపుతూ రండి. ఒకటి రెండు రోజులు పెరిగే అవకాశం ఉందని ముందే చెప్పి ఉంచండి. పాలిచ్చే తల్లి అయితే పాలు మాన్పించనక్కరలేదు. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే చెప్పింది.

తెల్ల సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి తాతయ్యను అంబులెన్సులో తీసుకెళ్లడం చూసింది. అప్పటినుంచి సైరన్ వినిపిస్తే దాక్కుంటోంది.

చూసినదాన్ని ఆమె చేతనే చెప్పించండి, బొమ్మ గీయించండి. ఆ సూటు లోపల మామూలు మనిషి ఉన్నాడని, ఆయనకూ ఇంట్లో పిల్లలు ఉన్నారని, జబ్బు తనకు అంటకుండా ఆ బట్టలు వేసుకున్నాడని చెప్పండి. తాతయ్య బాగయ్యి వచ్చేస్తారని గట్టిగా మాట ఇవ్వకండి. "డాక్టర్లు బాగా చూసుకుంటున్నారు. ఏ కబురు వచ్చినా నీకు చెబుతాను" అనండి, చెప్పండి కూడా.

నేను స్టాఫ్ నర్సుని. డ్యూటీ నుంచి వచ్చాక బాబు దగ్గరికి వస్తుంటే "ఆగు" అనాల్సి వస్తోంది. మనసు చివుక్కుమంటోంది.

ఆశా కార్యకర్తలు, పారిశుద్ధ్య కార్మికులు, పోలీసులు అడిగిన ప్రశ్న కూడా ఇదే. "ఆగు" అన్న మాటకు బదులు ఒక పద్ధతి పెట్టండి: అమ్మ గేటు తీయగానే బాబు చేయి ఊపాలి, అమ్మ స్నానం చేసి తల తుడుచుకుని రావాలి, అప్పుడు ఒళ్లో కూర్చోవాలి. రోజూ అదే వరుస అయితే స్నానాలగదిలో నీళ్ల చప్పుడు వినగానే వాడు చాప వేసుకుని సిద్ధంగా కూర్చుంటాడు. అమ్మ వెళ్లే చోట జబ్బుపడినవాళ్లకు మందిస్తుందని తెలిసిన పిల్లలు ఎడబాటును మరింత బాగా ఓర్చుకుంటారు.

మాకు తగ్గిపోయింది, అయినా పక్కింటి పిల్లలను మావాడితో ఆడనివ్వడం లేదు.

వాడితో "వాళ్లకు ఇంకా భయం పోలేదు, నువ్వు చెడ్డవాడివని కాదు" అని చెప్పండి. లాక్‌డౌన్‌లో బయటివాళ్లు రాకుండా ఊరి పొలిమేరలో ముళ్లకంపలు అడ్డం వేసుకున్న భయమే ఇది కూడా. పక్కింటివారితో మాట్లాడే పని పెద్దలది; పిల్లవాణ్ని రాయబారానికి పంపకండి.

## మరణం సంభవించినప్పుడు

తాతయ్య చనిపోయారు. ఊరెళ్లారని చెప్పాం. ఇప్పుడు ఎప్పుడొస్తారని రోజూ గుమ్మంలో నిలబడుతోంది.

ఇవాళే నిజం చెప్పండి. ఊరెళ్లినవాళ్లు తిరిగి వస్తారు. నిద్రపోయారంటే నిద్రంటే భయపడుతుంది. దేవుడు తీసుకెళ్లాడని మాత్రమే చెబితే, ఆ దేవుడే రేపు అమ్మను కూడా తీసుకెళతాడేమోనని కలవరపడుతుంది. "తాతయ్యకు జబ్బు చాలా ఎక్కువైంది. డాక్టర్లు ప్రయత్నించినా తగ్గలేదు. ఊపిరి ఆగిపోయింది, గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. చనిపోయారు. ఇక ఆయనకు నొప్పి ఉండదు, ఆకలి ఉండదు. తిరిగి రారు. నిన్న నీకు చెప్పలేక ఊరెళ్లారన్నాను" అని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. మీ కళ్ల వెంట నీళ్లొస్తే రానివ్వండి. మీ నమ్మకం ప్రకారం ఆత్మ గురించి, స్వర్గం గురించి చెప్పాలనుకుంటే శరీరం సంగతి స్పష్టమయ్యాక చెప్పండి.

ఐదారేళ్ల లోపు పిల్లలకు మరణం శాశ్వతమని ఒక్కసారికి పట్టుబడదు. విన్న గంటకే "తాతయ్య దసరాకు వస్తారా?" అనవచ్చు, గంతులు వేయవచ్చు. అది మనసు లేకపోవడం కాదు, వాళ్లు దుఃఖాన్ని కొంచెం కొంచెంగానే పట్టుకోగలరు. "నీకూ ఇలాగే అవుతుందా?" అని అడిగితే, "నేను జాగ్రత్తగా ఉన్నాను, చాలాకాలం నీతో ఉండాలనుకుంటున్నాను. నేను లేనప్పుడు పిన్ని, మావయ్య నిన్ను చూసుకుంటారు" అని పేర్లతో సహా చెప్పండి.

కడసారి చూపు కూడా దక్కలేదు. పిల్లలకు వీడ్కోలు ఎలా?

2020 లాక్‌డౌన్ రోజుల్లో అంత్యక్రియలకు 20 మందికి మించి అనుమతి లేదు. చాలా ఇళ్లలో ఆ కొద్దిమందీ వెళ్లలేకపోయారు. వీడ్కోలు ఆలస్యంగా జరిగినా ఫరవాలేదు. ఫోటో ముందు దీపం పెట్టించడం, ఆయనకు ఇష్టమైన సున్నుండలు చేసి పంచడం, ఫాతిహా చదివేటప్పుడో ప్రార్థన కూడికలోనో పక్కన కూర్చోబెట్టుకోవడం, ఆయన చెప్పులు, కళ్లజోడు ముట్టుకోనివ్వడం, వీటిలో ఏదైనా సరే. రమ్మని బలవంతం చేయకండి, వస్తానంటే కాదనకండి.

అమ్మానాన్న ఇద్దరూ పోయిన మేనకోడలు మా ఇంటికి వచ్చింది. ఒక్క కన్నీటి చుక్క కూడా రాలేదు. ఎలా మాట్లాడాలి?

ముందు మాటలు కాదు, చోటు కావాలి. తన పక్క, తన కంచం, తన బట్టల అర ఇవీ అని చూపించండి. "ఎన్నాళ్లైనా ఇక్కడే" అని చెప్పండి, అది మీరు నిలబెట్టుకోగల మాట అయితేనే. "పాపం" అని వచ్చినవారందరూ ఆమె ముందే అనకుండా చూడండి. అమ్మానాన్నల పేర్లు ఇంట్లో వినిపించనివ్వండి: "మీ అమ్మ కూడా పప్పులో ఇంగువ ఎక్కువ వేసేది." బిడ్డ సంరక్షణ ఎవరిదన్న వివాదం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే జిల్లా బాలల సంక్షేమ కమిటీ దాకా దారి చూపుతారు.

## తలుపులు తెరుచుకున్నాక

బడి తెరిచారు. వెళ్లనని మొండికేస్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు మళ్లీ తెరిచినప్పుడు ఒకటో తరగతిలో చేరిన చాలామంది పిల్లలు అంతవరకూ తరగతి గదే చూడలేదు. వయసు ఆరేళ్లు, బడి అనుభవం సున్నా. అందుకని మూడేళ్ల పిల్లను చేర్చినట్టే చేర్చండి: ముందు రోజు గేటు చూపించి, మొదటి వారం గంటో రెండు గంటలో ఉంచి, తీసుకెళ్లే వేళ తప్పకుండా. చెప్పకుండా జారుకోకండి. "నువ్వు అన్నం తిన్నాక వస్తాను" అని చెప్పి వెళ్లి, సరిగ్గా అప్పుడే రండి.

టీకా వేయించాలి. నొప్పి ఉండదని చెప్పనా?

"చీమ కుట్టినట్టు ఉంటుంది, నేను చేయి పట్టుకుంటాను" అనండి. నొప్పి లేదంటే రెండోసారి మీ మాట నమ్మడు. 2022 జనవరి 3న 15 ఏళ్లు దాటినవారికి కొవాగ్జిన్, మార్చి 16న 12 ఏళ్లు దాటినవారికి కోర్బెవాక్స్ వేయడం మొదలుపెట్టారు. రెండూ హైదరాబాద్‌లోని సంస్థలు తయారుచేసినవే. అక్కకు వేసి తనకెందుకు వేయలేదని తమ్ముడు అడిగితే, చిన్నపిల్లలకు ఎంత మందు సరిపోతుందో ముందు పరీక్షించి చూస్తారని చెప్పండి. తట్టు, పోలియో వంటి మామూలు టీకాలు ఆ రోజుల్లో తప్పిపోయి ఉంటే కార్డు తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.

డాక్టరుకు చూపించాలని ఎప్పుడు అనుకోవాలి?

నిద్ర, తిండి, ఆట, మాట, ఈ నాలుగింటిలో ఏదైనా కొన్ని వారాలు గడిచినా మునుపటిలా కాకపోతే చూపించండి. మాట పూర్తిగా మానేసినా, తనను తాను గాయపరచుకుంటున్నా, చనిపోయినవారి దగ్గరికి వెళతానని పదేపదే అంటున్నా ఆగకండి. పిల్లల డాక్టరుతో మొదలుపెట్టవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బిడ్డ గురించి చెప్పేటప్పుడు మీకు నిద్ర పట్టడం లేదన్న సంగతి కూడా వాళ్లకు చెప్పండి.